మూత్రంలో మంట: పాత మాత్ర ఇప్పుడెందుకు పనిచేయడం లేదు?

మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో చాలామంది చేసే పని ఒకటే. మందుల షాపుకు వెళ్లి, క్రితంసారి వాడిన స్ట్రిప్పు చూపించి నాలుగు మాత్రలు తెచ్చుకుంటారు. మంట తగ్గగానే మిగిలినవి డబ్బాలో దాస్తారు. నర్సీపట్నమైనా, పైన చింతపల్లి ఏజెన్సీ అయినా ఈ అలవాటు కొత్తేం కాదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ మాత్రకు ఇప్పుడు చాలా క్రిములు లొంగడం లేదు.

ఈ జబ్బుకు ఎక్కువగా కారణం ఈ.కోలై అనే బాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది, అక్కడ హాని చేయదు. మూత్రనాళంలోకి చేరితేనే తంటా. ఆడవాళ్లకు ఆ నాళం పొట్టిగా ఉంటుంది కాబట్టి వాళ్లకే ఎక్కువగా వస్తుంది.

యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. పైగా తట్టుకునే జన్యువులను అవి పక్క క్రిములకూ అందిస్తాయి. జలుబుకు అనవసరంగా వేసుకున్న మాత్ర కూడా పేగుల్లోని ఈ.కోలైని ఇలాగే ఆరితేరేలా చేస్తుంది. రేపు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తెచ్చేది అదే కావచ్చు.

దేశంలోని పెద్దాసుపత్రుల నుంచి ఐసీఎంఆర్ సేకరిస్తున్న లెక్కల్లో, సిప్రోఫ్లాక్సాసిన్‌కు, సెఫోటాక్సిమ్ లాంటి మందులకు ఈ.కోలై చాలావరకు లొంగడం లేదని తేలింది. నైట్రోఫురాంటోయిన్ మాత్రం మూత్రాశయం వరకే ఉన్న ఇన్‌ఫెక్షన్‌కు ఇంకా బాగానే పనిచేస్తోంది. కిడ్నీకి పాకితే అది చాలదు. అందుకే ఏ మందో డాక్టరే చెప్పాలి.

మరి మనం ఏం చేయాలి?

మంట మళ్లీ మళ్లీ వస్తుంటే, మందు మొదలుపెట్టకముందే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించమని అడగండి. ఏ క్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అనేది రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది శుభ్రమైన డబ్బాలో పట్టాలి.

డాక్టర్ రాసినన్ని రోజులు వాడండి. మిగిలిన మాత్రలు అమ్మీకో, చెల్లికో ఇవ్వకండి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉందంటే చీటీ లేకుండా కొనకూడని మందు అని అర్థం. సెఫిక్సిమ్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. వాటిని ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాయాలి.

రంజాన్‌లో పగలు నీళ్లుండవు కాబట్టి ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా ఎక్కువ నీళ్లు తాగండి. కోర్సు నడుస్తుంటే రోజా కోసం డోసు ఎగ్గొట్టకండి, వేళలు ఎలా మార్చాలో డాక్టర్‌నే అడగండి. జబ్బుపడినవాళ్లు రోజాను తర్వాత పెట్టుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది కదా.

చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం ఉంటే ఆలస్యం వద్దు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు, చిన్నపిల్లలైతే మామూలు మంటకు కూడా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. షాపు దగ్గర ఆగొద్దు.