మెట్లు పీకేసిన మొనగాడు!

జాజ్ బృందంలో బేస్ గిటార్ వాయించేవాడిని ఎవరు పట్టించుకుంటారు? శాక్సోఫోన్ ముందుంటుంది, కీబోర్డు పక్కనుంటుంది. బేస్ వాయించే మనిషి డ్రమ్స్ పక్కన నిలబడి 'డుమ్ డుమ్' అంటూ తాళం మోస్తుంటాడు. 1976 దాకా దాదాపు అంతే. ఆ ఏడాది జాకో పాస్టోరియస్ వచ్చాడు!

పుట్టింది 1951లో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో. పెరిగింది ఫ్లోరిడాలో. తండ్రి డ్రమ్మర్, గాయకుడు. కొడుకూ డ్రమ్స్‌తోనే మొదలెట్టాడు. పదమూడేళ్లప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి మునుపటిలా డ్రమ్స్‌కు సహకరించలేదు. దాంతో బేస్ అందుకున్నాడు. ఒకరకంగా ఆ దెబ్బే సంగీతానికి మేలు చేసింది!

మన వీణకు మెట్లుంటాయి కదా... గిటార్‌కూ అలాంటివే ఉంటాయి, ఫ్రెట్స్ అంటారు. తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ నుంచి వాటిని తానే పీకేశానని జాకో చెప్పేవాడు. గాళ్లు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. మెట్లు లేకపోతే వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి, వెంట్రుకవాసి తప్పినా అపశ్రుతే. కానీ ఆ ఇబ్బందిని గెలిచినవాడికి స్వరం నుంచి స్వరానికి జారే హాయి దక్కుతుంది. వయొలిన్ మీద గమకం పలికినట్టు బేస్ పాడుతుంది. ఫంక్ పాటల్లో మాత్రం అదే వాద్యం గుర్రంలా దౌడు తీసేది.

ఇక ఆ ధీమా! 1974లో మయామీలో కచేరీ ముగించుకుని వస్తున్న 'వెదర్ రిపోర్ట్' బృంద నాయకుడు జో జావినుల్‌ని ఆపి, ప్రపంచంలోకెల్లా గొప్ప బేస్ వాద్యకారుణ్ని నేనే అని పరిచయం చేసుకున్నాడట. జావినుల్ కసిరి పొమ్మన్నాడు. తర్వాత టేపు విని, ఎలక్ట్రిక్ బేస్ కూడా వాయిస్తావా అని అడిగాడు. విన్నది ఎలక్ట్రిక్ బేసేనని ఆయనకు తట్టనే లేదు!

1976లో జాకో తొలి ఆల్బమ్ వచ్చింది. చార్లీ పార్కర్ పేరుతో నడిచే వేగవంతమైన 'డోనా లీ'ని కోంగా తాళంతో బేస్ మీదే వాయించేశాడు. అదే రికార్డులో ఫంక్ పాట కోసం శామ్ అండ్ డేవ్ గొంతు కలిపారు. అదే ఏడాది వెదర్ రిపోర్ట్‌లో చేరాడు. మరుసటి ఏడాది 'హెవీ వెదర్' హిట్టయింది. అందులోని 'టీన్ టౌన్' రాసిందీ, దానికి డ్రమ్స్ వాయించిందీ జాకోనే. జోనీ మిచెల్ 'హెజిరా'లో ఆమె గొంతుకు జంటగా పలికే బేస్ కూడా అతనిదే.

అక్కడి నుంచి దిగుడు మెట్లు. 1981లో సొంతంగా 'వర్డ్ ఆఫ్ మౌత్' చేశాడు, మర్నాటి ఏడాదే బైపోలార్ జబ్బు బయటపడింది. మందులు సరిగ్గా వాడలేదు. తాగుడు ముదిరింది. అవకాశాలిచ్చినవాళ్లే భయపడి తప్పుకున్నారు. జబ్బుని 'మేధావి పిచ్చి' అనుకుని నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు, అదే విషాదం. న్యూయార్క్‌లో కొన్నాళ్లు వీధుల్లోనే గడిపాడు. 1986లో పార్కులో ఉండగా ఆ ప్రాణప్రదమైన గిటార్ చోరీ అయింది.

1987 సెప్టెంబరులో ఫ్లోరిడాలో సాంటానా కచేరీ వేదిక ఎక్కితే దింపేశారు. అదే రాత్రి ఒక క్లబ్బు లోపలికి రానివ్వలేదని గొడవపడ్డాడు. కాపలా ఉన్న వ్యక్తి చితకబాదాడు. కోమాలోకి వెళ్లిన జాకో సెప్టెంబరు 21న కన్నుమూశాడు. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు.

పోయిన గిటార్ రెండు దశాబ్దాల తర్వాత న్యూయార్క్‌లో తేలింది. దాని మీద నడిచిన వివాదాన్ని తేల్చడానికి 'మెటాలికా' బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహియో డబ్బు పెట్టాడు. జాకో మీద డాక్యుమెంటరీ కూడా నిర్మించాడు. ఇక జాకో కవల కొడుకుల్లో జూలియస్ పట్టింది డ్రమ్స్. ఫెలిక్స్ పట్టింది బేస్.