రక్తం తాగే కొంకిపురుగు

మీ తరగతిలో ఎవరైనా ముఖం పాలిపోయి, నాలుగడుగులు పరుగెత్తగానే ఆయాసపడుతున్నారా? బద్ధకస్తులని వెక్కిరించకండి. వారి పేగుల్లో కొంకిపురుగులు కాపురమున్నాయేమో!

ఇంచుమించు సెంటీమీటరు పొడవుండే ఈ పురుగు పేగుగోడను కరచిపట్టుకుని రక్తం పీలుస్తుంది. రోజుకు ఒక్కోటి తాగేది నాలుగైదు చుక్కలకు మించదు. కాని వందల పురుగులు చేరితే? ఒంట్లో ఇనుము తరిగి రక్తహీనత వస్తుంది. ఇనుము ఎక్కువ అవసరమైన ఎదిగే పిల్లలకూ, గర్భిణులకూ ఇది మరీ ప్రమాదం.

ఇవి లోపలికెలా వస్తాయో తెలుసా? మలంతో బయటపడిన గుడ్లు తడినేలలో పిల్లపురుగులవుతాయి. చెప్పులు లేని పాదం తగిలితే చర్మాన్ని తొలుచుకుని దూరతాయి. రక్తంతోపాటు ఊపిరితిత్తులకూ, అక్కడినుంచి గొంతుకూ, చివరకు పేగులకూ చేరతాయి.

మలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే వీటి గుడ్లు కనబడతాయి. మందు ఆల్బెండజోల్. రెండేళ్లు దాటిన పిల్లలకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. ఏడాది దాటి రెండేళ్లు నిండనివారికి సగం. గర్భిణులకు తొలి మూడు నెలల్లో ఇవ్వరు. మన దేశంలో 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు బడిలోనే ఈ మాత్ర ఇస్తారు.

మాత్రతో పురుగు చస్తుంది. పోయిన రక్తం మళ్లీ పట్టాలంటే డాక్టరు చెప్పినన్నాళ్లు ఇనుము మాత్రలు వాడాలి. పురుగు మళ్లీ రాకుండా ఉండాలంటే? కాలికి చెప్పులు, ఇంటికి మరుగుదొడ్డి!