ఫైల్ నిండా సర్టిఫికెట్లున్నా అమెరికా కాలేజీలు ‘నో’ అంటాయా? అప్లికేషన్‌లో వాళ్లు చూసేదేంటి?

ఎంఎస్ కోసం అమెరికా వెళ్లడం మన ఇళ్లలో కొత్తేం కాదు. జీఆర్‌ఈ, బీటెక్ మార్కులు, లెక్చరర్ల దగ్గర రెండు మూడు రికమండేషన్ లెటర్లు.. ఈ దారి తెలిసినవాళ్లు వీధికి ఒకరుంటారు. కానీ ఇంటర్ అయిపోగానే నేరుగా అక్కడ డిగ్రీలో చేరాలంటే లెక్క వేరు. హార్వర్డ్, స్టాన్‌ఫోర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల మార్కులు గేటు దాకా తీసుకెళ్తాయి. అంతవరకే. ఎందుకంటే అక్కడ అప్లై చేసేవాళ్లలో చాలామందివి టాప్ మార్కులే. హార్వర్డ్‌నే తీసుకుంటే, కొన్నేళ్లుగా వంద మంది అప్లై చేస్తే సీటు దక్కేది ముగ్గురు నలుగురికే.

మరి ఆ ముగ్గురు నలుగురిని ఎలా తేలుస్తారు? వ్యాసాలు, టీచర్ల లెటర్లతో పాటు అక్కడ గట్టిగా చూసేది ‘ఎక్స్‌ట్రా కరిక్యులర్స్’. అంటే చదువు కాకుండా ఇంకేం చేస్తావ్ అని. ఈ మాట వినగానే మన దగ్గర రెండు రకాల కంగారు మొదలవుతుంది. డబ్బున్న ఇంట్లో అయితే ‘ప్రొఫైల్ బిల్డింగ్’ ప్యాకేజీ ఎంత అని ఆరా తీస్తారు. లేని ఇంట్లో అయితే ‘మా అమ్మాయికి అలాంటివేం లేవులే’ అని ఆ ఆలోచనే మానేస్తారు. అసలు ఫారమ్ ఒకసారి తెరిచి చూస్తే ఈ రెండూ ఎందుకు పొరపాటో అర్థమవుతుంది.

ఫారమ్‌లో ఏం అడుగుతారు?

అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు ‘కామన్ యాప్’ అనే ఒకే ఆన్‌లైన్ అప్లికేషన్ తీసుకుంటాయి. అందులో యాక్టివిటీస్‌కు 10 గడులే ఉంటాయి. అవార్డులకు విడిగా 5. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసే గది మాత్రం ఆ పదింటిలో కనపడదు! ఒక్కో యాక్టివిటీకి నువ్వేం చేశావో చెప్పడానికి 150 అక్షరాలే ఇస్తారు. స్పేస్‌లు, కామాలు కూడా అందులోనే లెక్క. ఇంగ్లీషులో ఇరవై ఇరవై రెండు పదాలు వచ్చేసరికి గడి నిండిపోతుంది.

అక్కడితో ఆగరు. ఏ తరగతిలో చేశావు (9 నుంచి 12 వరకు, అంటే మనకు ఇంటర్ సెకండ్ ఇయర్ దాకా), వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, కాలేజీకి వచ్చాక కూడా కొనసాగిస్తావా అని అడుగుతారు. ఈ గంటలు, వారాల కాలమ్‌లోనే చాలామంది దొరికిపోతారు. పదికి పది గడులు నింపేసి, ఒక్కోదానికి వారానికి 8 గంటలని రాశారనుకోండి. మొత్తం 80 గంటలు! పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ ఉండే కాలేజీలో చదివే పిల్లాడికి ఆ 80 గంటలు ఎక్కడివని చదివేవాళ్లకు డౌట్ రాదా?

పైగా పదీ నింపాలని రూలేం లేదు. ఎంఐటీకి సొంత అప్లికేషన్ ఉంది, అందులో అడిగేది నాలుగు యాక్టివిటీలే. కాలిఫోర్నియా యూనివర్సిటీది మళ్లీ ఇంకో పద్ధతి. అక్కడ యాక్టివిటీస్, అవార్డులు, ఉద్యోగం అన్నీ కలిపి 20 దాకా రాయొచ్చు, ఒక్కోదానికి 350 అక్షరాలు. 2016లో హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్ నుంచి వచ్చిన ‘టర్నింగ్ ద టైడ్’ అనే రిపోర్ట్ అయితే ఇంకా సూటిగా చెప్పింది. పొడవాటి లిస్టుల వల్ల సీటు అవకాశం పెరగదని కాలేజీలే పిల్లలకు స్పష్టంగా చెప్పాలని, నిజంగా చేసిన రెండు మూడు రాస్తే చాలని సూచించింది.

150 అక్షరాల్లో ఏం రాస్తారు? ‘సామాజిక సేవా కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొన్నాను’ అని రాస్తే అందులో ఏమీ లేదు. అదే ‘మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు, పక్కింటి పిల్లలు కలిపి ఆరుగురికి రెండేళ్లుగా శనివారం లెక్కలు చెప్తున్నా, ఇద్దరు గురుకుల ఎంట్రెన్స్ రాశారు’ అంటే.. చదివేవాళ్లకు ఒక మనిషి కనపడతాడు. ఎవరికి, ఎన్నాళ్లు, ఏమైంది. ఈ మూడూ ఉంటే సరిపోతుంది. ‘ఫౌండర్’, ‘ప్రెసిడెంట్’ అనే హోదాలకు ఉన్న విలువ పడిపోయి చాలా కాలమైంది. ఈ మధ్య గేటెడ్ కమ్యూనిటీకి ఇద్దరు ముగ్గురు ఎన్జీవో ఫౌండర్లు ఉంటున్నారు మరి!

కొట్లో కూర్చోవడం కూడా యాక్టివిటీయేనా?

అవును. చాలామందికి తెలియని విషయం ఇదే. కామన్ యాప్‌లో యాక్టివిటీ ఏ రకమో ఎంచుకునే లిస్టులో డిబేట్, డ్యాన్స్, రోబోటిక్స్‌తో పాటు ‘కుటుంబ బాధ్యతలు’, ‘జీతానికి చేసే పని’ అని రెండు ఆప్షన్లు ఉంటాయి.

ఇది ఊరికే పెట్టిన ఆప్షన్ కాదు అనడానికి కోర్టుకెక్కిన కాగితాలే ఉన్నాయి. అడ్మిషన్ల తీరుపై హార్వర్డ్ మీద 2014లో కేసు పడింది. 2018లో ట్రయల్ జరిగింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఆ విచారణలో అప్లికేషన్లు చదివే సిబ్బందికి హార్వర్డ్ ఇచ్చిన సూచనలు బయటకొచ్చాయి. ఎక్స్‌ట్రా కరిక్యులర్స్‌కు అప్పట్లో వాళ్లు వేసే అంకెలు 1 నుంచి 6. జాతీయ స్థాయి ప్రతిభ ఉంటే 1. స్కూల్లో, చుట్టుపక్కల గట్టి గుర్తింపు ఉంటే 2. బాగానే పాల్గొన్నాడు కానీ ప్రత్యేకత లేదంటే 3. దాదాపు ఏమీ చేయకపోతే 4. మరి 5? అది 4 కన్నా కింది ర్యాంకు కాదు. ఇంటి బాధ్యతలు, చదువుకుంటూనే ఉద్యోగం లాంటి పనులు చేసే పిల్లల కోసం విడిగా పెట్టిన అంకె. వైకల్యం లాంటి కారణాలతో పాల్గొనలేని వాళ్లకు 6.

అంటే ఖమ్మంలో నాన్న కిరాణా కొట్టు చూసుకునే ఒక అమ్మాయి ఉందనుకుందాం. తెల్లారి 5 నుంచి 7 దాకా పాల ప్యాకెట్లు, ఆ తర్వాత కాలేజీ. రోజుకు రెండు గంటలంటే వారానికి 14 గంటలు, ఏడాదికి 50 వారాలు. అరువు ఖాతా పుస్తకాన్ని ఫోన్‌లో ఎక్సెల్ షీట్‌గా మార్చి, ఎవరు ఎన్నాళ్లకు కడుతున్నారో లెక్క తీసింది. ఈ అమ్మాయి ‘నాకేం యాక్టివిటీస్ లేవు’ అనుకుని ఆ గడి ఖాళీగా వదిలేస్తే నష్టం ఆమెకే. తాతయ్యను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లే అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది. మన దగ్గర ఇలాంటి పనిని ‘ఇంటి పనే కదా’ అని తీసిపారేస్తాం. అక్కడ అడిగి మరీ రాయమంటారు.

‘అంత ఫీజు మేమెక్కడ కట్టగలం’ అనే ప్రశ్న వెంటనే వస్తుంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థులకైనా డబ్బు కట్టగలరా లేదా అని చూడకుండానే సీటు నిర్ణయిస్తాయి. సీటు ఇచ్చాక కుటుంబ ఆదాయం చూసి, తక్కువ పడిన మేరకు సాయం చేస్తాయి. అలాంటివి తక్కువే ఉన్నాయి, పోటీ దారుణంగా ఉంటుంది. మిగతా చాలా చోట్ల మాత్రం విదేశీ విద్యార్థి ఎయిడ్ అడిగితే అది సీటు మీద ప్రభావం చూపిస్తుంది. ఈ తేడా తెలుసుకోకుండా అప్లికేషన్ ఫీజులు కట్టుకుంటూ పోవద్దు.

లక్షలు పోసి ప్రొఫైల్ కొంటే?

కొన్నవాళ్ల కథ 2019 మార్చిలో బయటపడింది. రిక్ సింగర్ అనే కన్సల్టెంట్ డబ్బున్న వాళ్ల పిల్లలను ఆటగాళ్లుగా చూపించి పేరున్న యూనివర్సిటీల్లో సీట్లు ఇప్పించాడు. కోచ్‌లకు లంచాలు, నకిలీ స్పోర్ట్స్ ప్రొఫైళ్లు. ‘వర్సిటీ బ్లూస్’ పేరుతో ఎఫ్‌బీఐ బయటపెట్టిన ఈ కేసులో హాలీవుడ్ నటి లోరీ లాఫ్లిన్ జైలుకెళ్లారు. పడవ పందేల టీమ్‌తో సంబంధమే లేని ఇద్దరు కూతుళ్లను రోయింగ్ క్రీడాకారిణులని చెప్పడానికి ఆమె దంపతులు 5 లక్షల డాలర్లు ఇచ్చారు. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల జైలు పడింది.

అంత దూరం ఎవరూ వెళ్లరులే అనుకోవచ్చు. చట్టానికి లోబడే నడిచే ఇంకో బజారు ఉంది. డబ్బు తీసుకుని స్కూల్ పిల్లాడి పేరుతో రీసెర్చ్ పేపర్ పబ్లిష్ చేయించడం, వారం రోజుల వాలంటీర్ టూర్లు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిన ప్రతివాళ్లకీ మెడల్ ఇచ్చే ‘ఇంటర్నేషనల్’ పోటీలు.. ఇలాంటి పేపర్ల వ్యాపారం మీద 2023లో ప్రోపబ్లికా వార్తాసంస్థ పెద్ద కథనమే రాసింది. అడ్మిషన్ ఆఫీసులకూ ఈ సంగతి తెలుసు. కాబట్టి ఎవరైనా ‘ఈ ప్యాకేజీతో సీటు గ్యారెంటీ’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది. ఆ గ్యారెంటీ ఇచ్చే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు.

ఇంకో మాట. కామన్ యాప్ చివర్లో రాసిందంతా నిజమేనని సంతకం చేయాలి. అబద్ధమని తేలితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు. కాలిఫోర్నియా యూనివర్సిటీ అయితే ర్యాండమ్‌గా కొందరిని ఎంచుకుని, రాసినదానికి ఆధారాలు పంపమంటుంది. పంపకపోతే అప్లికేషన్ క్యాన్సిల్.

ఇంటర్‌లో టైమ్ ఎక్కడిదండీ?

న్యాయమైన ప్రశ్న. హాస్టల్‌లో ఉండి, ఆదివారం కూడా వీకెండ్ టెస్ట్ రాసే పిల్లలకు ‘హాబీ పెంచుకో’ అని చెప్పడం ఎండలో నిలబెట్టి గొడుగు గురించి చెప్పినట్టే ఉంటుంది. అందుకే లెక్క 9వ తరగతి నుంచి మొదలుపెట్టాలి. ఫారమ్ కూడా అక్కడి నుంచే అడుగుతోంది కదా. టెన్త్ అయ్యాక వచ్చే రెండు నెలల సెలవుల్లో బ్రిడ్జి కోర్సులో వేసేస్తే ఉన్న ఒక్క కిటికీ కూడా మూసుకుపోతుంది. అమెరికా వైపు చూసే ఇంట్లో ఈ నిర్ణయం ముందే తీసుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టించి, జేఈఈ రాలేదు కాబట్టి అమెరికా అంటే, డిసెంబర్‌లో కూర్చుని పది గడులు కల్పించి రాయాల్సి వస్తుంది.

టైమ్ తక్కువ ఉంటే ఒక్కటే పట్టుకోండి, వదలకండి. ఆరేడేళ్లు కూచిపూడి నేర్చుకుని టెన్త్‌లో మాన్పించేసే ఇళ్లు మన దగ్గర ఎన్నో. వారానికి ఒక్క క్లాసైనా కొనసాగిస్తే అది కొత్తగా చేరిన నాలుగు క్లబ్బుల కన్నా బలంగా ఉంటుంది. లెక్కలంటే పిచ్చి ఉన్నవాళ్లకు ఐఓక్యూఎం నుంచి మొదలయ్యే అసలైన మ్యాథ్స్ ఒలింపియాడ్ దారి ఉంది. స్కూల్ ద్వారా ‘ఇన్‌స్పైర్ మానక్’కు సొంత ఐడియా పంపితే, ఎంపికైనవాళ్లకు కేంద్రం రూ.10 వేలు ఇస్తుంది. కాలేజీలో ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటే రెండేళ్లలో 240 గంటల సేవ, వారం రోజుల క్యాంపు ఉంటాయి. క్యాంపులో ఫొటో దిగి వచ్చేయకుండా ఆ ఊళ్లో ఒక పని పట్టుకుంటే రాయడానికి సరుకు దొరుకుతుంది.

రూపాయి ఖర్చు లేనిది ఇంకోటి.. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా. మీ ఊరి చెరువు గురించో, గుడి గురించో ఆధారాలతో వ్యాసం రాయొచ్చు. ఎవరు ఏ తేదీన ఏం రాశారో హిస్టరీలో శాశ్వతంగా ఉంటుంది. ఏ సర్టిఫికెట్ కన్నా గట్టి సాక్ష్యం అది. రోజుకు అరగంట చాలు, ఫోన్‌లోనే చేసుకోవచ్చు. అయితే హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కదా అంటారా, అది సెలవుల పని.

కాలేజీ షెడ్యూల్ వల్లే ఏమీ చేయలేకపోతే ఆ మాట దాచక్కర్లేదు. కామన్ యాప్‌లో ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ అని ఒక విభాగం ఉంది. రోజూ క్లాసులు ఎన్ని గంటలు, సెలవులు ఎన్ని అన్నది రెండు మూడు వాక్యాల్లో ఫిర్యాదులా కాకుండా సమాచారంలా రాయాలి. అలాగే స్కూల్ తరఫున కౌన్సెలర్ పంపే రిపోర్ట్ ఒకటుంటుంది. మన ఇంటర్ కాలేజీల్లో ఆ పని ఎక్కువగా ప్రిన్సిపాల్ మీదే పడుతుంది. ఏడు వందల మంది పిల్లల్లో మీ అబ్బాయి శనివారాలు ఏం చేస్తాడో ఆయనకు ఎలా తెలుస్తుంది? ముందే కలిసి, ఒక పేజీలో రాసిచ్చి రండి.

ఐఐటీ, ఎంసెట్ వాళ్లకు ఇవేమైనా పనికొస్తాయా?

పెద్దగా లేదు. అక్కడ ర్యాంకే ర్యాంకు. ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కోటాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ 2024-25లో క్రీడాకారులకు, 2025-26లో సంగీతం, నృత్యం లాంటి కళల్లో రాణించినవాళ్లకు ఒక్కో కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది. అయినా జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై అవ్వాల్సిందే. అశోకా లాంటి కొన్ని ప్రైవేట్ యూనివర్సిటీలు మాత్రం వ్యాసాలు, ఇంటర్వ్యూ కూడా చూస్తాయి. ఇక బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి వాటికి క్రికెట్ కెప్టెన్సీ కన్నా మీరు చేరబోయే సబ్జెక్టులో సిలబస్ దాటి ఏం చదివారన్నదే ముఖ్యం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న కొత్త సీజన్‌కు తెరుచుకుంటుంది. ఎర్లీ అప్లికేషన్లకు చాలా చోట్ల నవంబర్ 1, రెగ్యులర్‌కు జనవరి మొదటి వారం దాకా గడువు. అంటే ఇంటర్ సెకండ్ ఇయర్ మధ్యలోనే ఇదంతా అయిపోవాలి. ఇప్పుడు తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నవాళ్లు ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ వారం ఏ పని ఎన్ని గంటలు చేశారో రాసుకుంటే చాలు, మూడేళ్ల తర్వాత గుర్తుచేసుకోలేక అంకెలు ఊహించి వేయక్కర్లేదు. ఇప్పటికే సెకండ్ ఇయర్‌లో ఉన్నవాళ్లు కొత్తవాటి వెంట పడొద్దు. చేసినవాటిని మీకు ఏది ముఖ్యమో ఆ వరుసలో పెట్టండి, ఫారమ్ అడిగే వరుస కూడా అదే. మొదటి గడిలో కొట్టు పని ఉన్నా పర్లేదు.