నిలువుటంగీ ఎవరిని కప్పుతున్నది? – గౌను అర్థముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

పటాన్‌చెరు మండలములోని లక్డారం ప్రాంతము రాతి క్వారీలకు, కంకర క్రషర్లకు తెలిసిన చోటు. కొంచెము దూరములో పాశమైలారం, ఇస్నాపూర్ వైపు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఈ ప్రాంతములో పరిచర్య చేస్తున్న కాలములో ఒక ఆదివారము జరిగిన సంగతి ఈ వ్యాసమునకు కారణమైనది. ప్రభువు బల్ల ఆరాధన జరుగుచుండగా ఒక సహోదరుడు గుమ్మము బయటనే నిలబడిపోయాడు. రాత్రి డ్యూటీ ముగించుకొని క్రషర్ దగ్గరనుండి తిన్నగా వచ్చినందున ఒంటినిండా రాతి దుమ్ము ఉన్నది. ఆరాధన తరువాత, లోపలికి ఎందుకు రాలేదని అడిగాము. “మీరు తెల్ల గౌన్ల ఉన్నరు అయ్యగారూ, నేనేమో గిట్లున్న. ఎట్ల రావాలె?” అన్నాడు.

ఇరవై ఏండ్లకు పైగా ఆ గౌను ధరించిన మాకు అది ఎదుటివానికి ఏమి చెప్పుచున్నదో అంతవరకు తోచలేదు. గౌను అర్థము ఏమిటి? అది ఎవరిని కప్పుటకు? ఈ ప్రశ్నలను వాడుక, వాక్యము, సంఘ చరిత్ర, మన పని స్థలముల వెలుగులో పరిశీలించుదము.

1. మన వాడుకలో గౌను

తెలుగులో ‘గౌను’ అనగానే మొదట గుర్తుకు వచ్చేది చిన్న పాపల గౌను. పండుగకు తల్లి కుట్టించే ఆ గౌను ప్రేమకు గుర్తు. అదే మాటను వకీలు గౌనుకు, పట్టభద్రుల గౌనుకు, ఆపరేషన్ థియేటరులో డాక్టరు గౌనుకు, సంఘ కాపరి గౌనుకు కూడ వాడుచున్నాము. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వకీలుకు గౌను తప్పనిసరి; క్రింది కోర్టులలో అది ఐచ్ఛికము. గౌను వేసికొన్న వకీలు తన సొంత మాట కాక, తన కక్షిదారుని పక్షమున పలుకుచున్నాడు.

అయితే గౌనుపై విమర్శ కూడ ఉన్నది. 2010 ఏప్రిల్‌లో భోపాల్‌లో జరిగిన స్నాతకోత్సవములో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ తన గౌనును వేదికమీదనే తీసివేసి, అది వలస పాలన మిగిల్చిన ఆచారమని విమర్శించారు. కాపరి గౌను విషయములో కూడ మన యువ సేవకులు ఇదే ప్రశ్న వేయుచున్నారు. దానిని త్రోసివేయరాదు.

2. వాక్యములో నిలువుటంగీ

మన తెలుగు బైబిలులో ‘నిలువుటంగీ’ అను మాట ముగ్గురి విషయములో కనబడుతుంది: యోసేపు (ఆది 37:3), అహరోను (నిర్గమ 28:4), శాస్త్రులు (లూకా 20:46). మూలభాషలలో ఈ మాటలు ఒకటి కావు. అయినను తెలుగు చదువరికి ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట మేలు.

యోసేపు అంగీ తండ్రి ప్రేమకు గుర్తు. అన్నల కంటికి మాత్రము అది పక్షపాతము. చివరకు దానిని రక్తములో ముంచారు. అహరోను వస్త్రములలో ఇశ్రాయేలు పుత్రుల పేర్లు అతని భుజములమీద, రొమ్ముమీద ఉన్నాయి (నిర్గమ 28:12, 29). అనగా యాజకుడు సన్నిధిలోనికి ఒంటరిగా వెళ్ళుట లేదు, ప్రజలను మోసికొని వెళ్ళుచున్నాడు. శాస్త్రుల అంగీమీద ఏ పేరును లేదు. వారు కనబడుటకే దానిని ధరించారు. ప్రభువు తప్పుపట్టినది బట్టను కాదు, ఆ కోరికను.

హన్నా ఏటేట సమూయేలునకు తెచ్చిన చిన్న అంగీని కూడ మరువరాదు (1 సమూ 2:19). పిల్లవాడు ఎదిగేకొలది తల్లి కొలత మార్చి కుట్టియుండవలెను. దేవాలయములో సేవచేయు పిల్లవాని ఒంటిమీద ఒక తల్లి కష్టము ఉన్నది. మన గౌను వెనుక కూడ సంఘము కష్టము ఉన్నదని ఇది గుర్తుచేస్తున్నది.

3. సంఘ చరిత్రలో

మొదటి శతాబ్దములలో సంఘ నాయకులకు ప్రత్యేక వస్త్రములు లేవు. పౌలు త్రోయలో విడిచివచ్చిన అంగీని తెమ్మని కోరాడు (2 తిమోతి 4:13). చలికాలము రాకమునుపే రమ్మని కూడ వ్రాశాడు (4:21). అది ప్రయాణీకులు చలికి కప్పుకొనే సామాన్య వస్త్రము. లాటిను వారు దానిని ‘పేనులా’ అన్నారు. లోకులు ఆ బట్టను మానివేసినా సంఘములో అది నిలిచిపోయినది. రోమను కథోలిక గురువులు పూజలో ధరించే పైవస్త్రము దానినుండి వచ్చినదే. తూర్పు సంఘములలో నేటికిని దానిని ‘ఫెలోనియన్’ అంటారు. చలికి కప్పుకొనిన బట్టే పవిత్ర వస్త్రమైనదన్నమాట.

428లో రోమా బిషపు సెలెస్టీను, సేవకులు వస్త్రముచేత కాక ఉపదేశముచేత గుర్తింపబడవలెనని గాలు దేశపు బిషపులకు వ్రాశాడు. సంస్కరణ కాలములో ప్రసంగ వేదిక ఎక్కిన నల్ల గౌను విశ్వవిద్యాలయ పండితుల గౌను. వాక్యమును చదివి బోధించువాడని దాని అర్థము.

ఇంగ్లండులో జాన్ హూపర్ బిషపు వస్త్రములను నిరాకరించి జైలు పాలయ్యాడు. తుదకు అంగీకరించి 1551లో అభిషేకము పొందాడు. ఆ వివాదములో అతనిని ఎదిరించినవాడు నికొలస్ రిడ్లీ. తరువాత ఇద్దరూ విశ్వాసము నిమిత్తము చెరలో ఉన్నప్పుడు రిడ్లీ సమాధానపడుచు హూపర్‌కు ఉత్తరము వ్రాశాడు. 1555లో ఇద్దరినీ అగ్నికి ఆహుతి చేశారు. వస్త్రమును గూర్చిన భేదము అక్కడ చిన్నదైపోయినది.

4. ఫ్యాక్టరీలో గౌను

మా సంఘ యువకులలో కొందరు మందుల కంపెనీలలో పనిచేస్తారు. ఇంజెక్షన్లు తయారుచేసే గదిలోనికి పోవుటకు ముందు వారు వాచీ, ఉంగరము తీసివేసి, చేతులు కడిగి, తలకు, ముఖమునకు ముసుగు వేసికొని, నిలువెల్ల కప్పే గౌనును నేలకు తగులకుండ తొడుగుకొంటారు. అది తమను కాపాడుటకని మేము అనుకొన్నాము. ఒక యువకుడు మమ్మును దిద్దాడు: “మందు మాకు తగులకుండ కాదు అయ్యగారూ, మేము మందుకు తగులకుండ.” మనిషి చర్మమునుండి ఎల్లప్పుడు కంటికి కనబడని పొట్టు రాలుతుంది, దానితోపాటు సూక్ష్మజీవులు పోతాయి. రోగి శరీరములోనికి పోయే మందు పాడుకాకుండునట్లు పనివాడు తన్ను తాను కప్పుకొంటాడు.

కాపరి గౌనుకు ఇంతకంటె మంచి వివరణ మాకు దొరకలేదు. మన కులము, మన డిగ్రీ, మన ఆస్తి వాక్యమునకు అంటుకొనకుండునట్లు మనము కప్పబడవలెను. గౌనే ఆ హోదాలను చూపించినయెడల, అది శాస్త్రుల నిలువుటంగీయే.

5. మెదక్ రాళ్ళు

మెదక్ కథెడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవు కాలములో పేదలకు పని, అన్నము దొరకుటకు దానిని కట్టించాడు. దాని రంగు అద్దాల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము ఉన్నాయి. ఈ మూడు ఘట్టములను వస్త్రము వైపునుండి చదివి చూడుడి. జననమున పొత్తిగుడ్డలు. సిలువయొద్ద సైనికులు పంచుకొనిన బట్టలు. ఆరోహణమున శిష్యులయొద్ద నిలిచిన ఇద్దరి తెల్లని వస్త్రములు (అపొ.కా. 1:10). తెల్లని వస్త్రములకు ముందు వస్త్రహీనత ఉన్నది.

ఆ రాళ్ళు చెక్కినవారి, మోసినవారి బట్టలకు దుమ్ము అంటకుండ ఆ మందిరము లేవలేదు. లక్డారం దుమ్ముతో వచ్చిన సహోదరుడు బయట నిలుచుట ఎంత విపరీతము!

ముగింపు

ఆ దినము రొట్టెను, పాత్రను గుమ్మము దగ్గరకు తీసికొనిపోవలెనని మాకు తోచలేదు. అది గౌను తప్పు కాదు, మా తప్పు. ప్రభువు పైవస్త్రము తీసి ప్రక్కన పెట్టి తువాలు కట్టుకొన్న సంగతి (యోహాను 13:4) ఎన్నోసార్లు ప్రసంగించి కూడ మేము గౌనులోనే ఉండిపోయాము.

గౌను మానివేయవలెనని మేము చెప్పుట లేదు. సంఘ క్రమమును గౌరవించుదము. అయితే ఆరాధనకు ముందు మామూలు బట్టలతో గుమ్మమునొద్ద నిలిచి, వచ్చిన ప్రతివానిని చేయిపట్టి లోపలికి తెచ్చి, అటుతరువాతనే గౌను తొడుగుకొందము. తొడుగుకొనునప్పుడు సంఘములోని కొన్ని పేర్లనైనను తలంచుదము. షిఫ్టు దిగి వచ్చినవారికి పని బట్టలతోనే బల్లయొద్దకు రావచ్చునని ముందుగానే ప్రకటించుదము. మా సంఘములో ఇప్పుడు ఈలాగు చేయుచున్నాము.

ఆ సహోదరుడు తరువాత లోపలికి వచ్చుట మొదలుపెట్టాడు. అయితే వెనుక వరుసలోనే కూర్చుంటాడు. ఆ వరుస వరకు నడచి వెళ్ళుట మా గౌను పని.