రాణి రుద్రమ ఎప్పుడు చనిపోయారు? లెక్క మార్చేసిన చందుపట్ల శాసనం!

ఓరుగల్లు అనగానే గుర్తొచ్చే పేరు రాణి రుద్రమదేవి. తండ్రి గణపతిదేవుడి తర్వాత కాకతీయ సింహాసనం ఎక్కి, ఎదురుతిరిగిన సామంతులను ఎదుర్కొని రాజ్యాన్ని నిలబెట్టిన ధీర. మరి ఆమె ఎప్పుడు చనిపోయారు? 1295 వరకు పాలించారనే చాలాకాలం చరిత్రకారులు అనుకున్నారు.

కానీ నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర్లోని చందుపట్లలో బయటపడ్డ ఓ శాసనం ఆ లెక్క మార్చేసింది. దాని మీదున్న తేదీ 1289 నవంబర్ నాటిది. వేయించింది రాజు కాదు, సామంతుడు కూడా కాదు. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో రాయించాడు.

ఇద్దరూ ఎలా చనిపోయారో ఆ రాయి చెప్పదు. అయితే అప్పటికే కాయస్థ అంబదేవుడు రుద్రమపై తిరుగుబాటు చేశాడు. పైగా రాణి, సేనాని ఇద్దరి పేర్లూ ఒకేచోట ఉన్నాయి. అందుకే అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే, పెద్ద వయసులో ఆమె నేలకొరిగి ఉంటారన్నది చాలామంది చరిత్రకారుల అంచనా.

ఆ తర్వాత మనవడు ప్రతాపరుద్రుడు రాజ్యానికొచ్చి అంబదేవుడిని అణచివేశాడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి చిక్కడంతో కాకతీయుల కథ ముగిసింది.

మహారాణి చివరి రోజుల గురించి ఈమాత్రమైనా తెలిసిందంటే, ఓ సేవకుడు వేయించిన రాయి వల్లే. ఊళ్లో అక్షరాలున్న పాత రాయి కనిపిస్తే పక్కన పడేయొద్దనేది అందుకే!