కోసాడ్‌లో మంటలు రేగితే ముందుగా పరుగెత్తేది ఎవరు?

సూరత్‌లో తాపీ నది దాటి ఉత్తరానికి వెళ్తే కోసాడ్ వస్తుంది. ముంబయి-అహ్మదాబాద్ రైలు మార్గంలో ఒక చిన్న స్టేషన్. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం జేఎన్ఎన్‌యూఆర్ఎం పథకం కింద కట్టిన కోసాడ్ ఆవాస్ కాలనీ ఇక్కడే ఉంది. పక్కన అమ్రోలీలో పవర్‌లూమ్, ఎంబ్రాయిడరీ షెడ్లు. కోసాడ్‌లో నగరపాలక సంస్థ ఫైర్ స్టేషన్ కూడా ఉంది. అయినా ఫైరింజన్ వచ్చేలోపు గడిచే ఆ కొద్ది నిమిషాలూ ఇరుగుపొరుగు వాళ్లవే.

చిలీలో అగ్నిమాపక దళమంతా వాలంటీర్లే. జర్మనీలో పెద్ద నగరాలు తప్ప మిగతా ఊళ్లన్నీ ప్రధానంగా వాళ్ల మీదే ఆధారపడతాయి. ఫోన్ మోగగానే వడ్రంగి, టీచర్, దుకాణదారు చేస్తున్న పని వదిలి స్టేషన్‌కు పరుగెడతారు. మన దేశంలో ఆ సంప్రదాయం దాదాపు లేదు.

ఇక్కడ ఫైర్ సర్వీసు ఎవరి చేతిలో ఉంటుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. రాజ్యాంగంలోని 12వ షెడ్యూల్ దీన్ని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం ఇది ఇప్పటికీ రాష్ట్ర ప్రభుత్వ శాఖే. సూరత్‌లో నగరపాలక సంస్థ నడుపుతుంది. లింబాయత్‌లో స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు 101కి ఫోన్ చేస్తే వచ్చేది ఆ సంస్థ బండే.

శిక్షణ లేని ధైర్యం ఎంతవరకు పనికొస్తుందో సూరత్ 2019 మే 24న చూసింది. సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్ పై అంతస్తులో కోచింగ్ క్లాసు నడుస్తుండగా మంటలు చుట్టుముట్టాయి. 22 మంది చనిపోయారు, ఎక్కువ మంది విద్యార్థులే. పొగకు తాళలేక పిల్లలు పైనుంచి దూకారు. కింద జనం గుమిగూడారు, చాలామంది ఫోన్లలో వీడియోలు తీశారు. ఒక యువకుడు భవనం గోడ పట్టుకుని పైకెక్కి కొందరిని దింపాడు. దూకేవాళ్లను పట్టడానికి కింద వల లేదు. ఆ యువకుడు చేయగలిగింది చేశాడు. కానీ వందలాది మంది గుంపులో ఎవరు ఏం చేయాలో ముందే తెలిసినవాళ్లు పదిమంది ఉన్నా కథ కొంత మారేదేమో.

హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మంది మరణించినప్పుడూ ముందుగా లోపలికి వెళ్లబోయింది స్థానికులే.

చట్టంలో చోటు ఉంది

పౌర రక్షణ చట్టం 1968 నాటిది. యుద్ధ కాలాన్ని దృష్టిలో పెట్టుకుని వచ్చిన ఈ చట్టాన్ని 2009లో సవరించి విపత్తు నిర్వహణను కూడా చేర్చారు. సివిల్ డిఫెన్స్ విభాగాల్లో అగ్నిమాపకం ఒకటి. 2025 మే 7న దేశవ్యాప్తంగా తలపెట్టిన మాక్ డ్రిల్ జాబితాలో సూరత్ మొదటి కేటగిరీలో ఉంది. అంటే వాలంటీర్లను తీసుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

రెండో దారి ‘ఆపద మిత్ర’. కేంద్రం దీన్ని 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చే స్థాయికి విస్తరించింది. అయితే పథకం రూపకల్పనలో ముందున్నవి వరద, తుపాను, భూకంపం, కొండచరియలు. 2006లో తాపీ ముంచేసిన సూరత్‌కు ఇది అవసరమే. గుడ్డల గోదాము మంటలకు కావలసిన నేర్పు వేరు.

పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది, దట్టమైన పొగ వదులుతుంది. మంటకంటే ముందు ఆ పొగే ప్రాణం తీస్తుంది. కాబట్టి శ్వాస పరికరం లేని వాలంటీర్ పొగలోకి వెళ్లకూడదు. శిక్షణలో మొదట నేర్పాల్సింది ఇదే, ఒప్పించడం కష్టమైనదీ ఇదే. మెయిన్ స్విచ్ ఆపడం, చిన్న మంటను ఎక్స్‌టింగ్విషర్‌తో అదుపు చేయడం, మెట్లు ఖాళీ చేయించడం, సందులో అడ్డంగా పెట్టిన బైకులు తీయించి ఫైరింజన్‌కు దారివ్వడం, లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో సిబ్బందికి లెక్క చెప్పడం వాళ్ల పని. ఆ లెక్క కాలనీలో ఉండే మనిషికే తెలుస్తుంది, స్టేషన్ నుంచి వచ్చినవాళ్లకు తెలియదు.

ఇక గాయపడితే? ఆపద మిత్ర వాలంటీర్లకు పథకంలో బీమా ఉంది. ఏ జాబితాలోనూ పేరు లేకుండా పక్కింటి మంటల వైపు పరుగెత్తే మనిషికి అలాంటి భరోసా ఏదీ లేదు.