కంప్యూటరు ఆటల తాళములు ఎవరిని ఆపుచున్నవి?

ధనమున్నచోట దొంగయు, దొంగయున్నచోట తాళమును ఉండుట లోకసహజము. అయితే ఆ తాళము దొంగను ఆపకపోగా, వెలయిచ్చి కొన్నవారినే గుమ్మము వెలుపల నిలిపినచో దానిని గూర్చి గృహిణి యేమనుకొనవలయును? ఈ ప్రశ్న మొన్నటి వేసవి సెలవులలో మా యింటనే పుట్టినది. పిల్లలున్న ప్రతి యింటను నేడో రేపో పుట్టగలదు గనుక, మేము తెలిసికొన్న సంగతులను సోదరీమణుల యెదుట ఉంచుచున్నాము.

మేము నివసించునది హైదరాబాదు పాతనగరమునందలి మాదన్నపేట. తెల్లవారకమునుపే కూరగాయల మండీ సందడితో మేలుకొను పేట యిది. మావారు బడిపంతులు. ఇంట ఉన్నది ఒక్కటే కంప్యూటరు. పగలు మావారు దానిపై పరీక్షాపత్రములను సిద్ధపఱచుకొందురు. రాత్రి పనులు ముగిసిన పిమ్మట మేము, మా నాయనగారు భారతమునకు స్వహస్తముతో వ్రాసియుంచిన టిప్పణములను దానిలోనికి ఎక్కించుచుందుము. రెండేండ్ల శ్రమతో విరాటపర్వము ముగిసినది. సాయంకాలమున ఒక గంట మాత్రము మా కుమారునిది.

పదుమూడేండ్ల ఆ పిల్లవాడు ఒకనాడు క్రొత్త ఆటనొకదానిని కోరెను. వెల మూడువేల రూపాయలకు పైబడియుండుటచే మేము వలదంటిమి. కొన్నాళ్లకు వాడు స్నేహితుడొకడు ఇచ్చిన పెన్‌డ్రైవునుండి, తాళము విఱిచిన దొంగప్రతిని మాకు తెలియకుండ ఎక్కించుకొనెను. అది నడువవలెనన్న, వైరసులను పట్టుకొను రక్షణసాధనమును ముందుగా ఆపివేయవలెనని దానితో వచ్చిన సూచనలలో ఉన్నదట. వాడు అట్లే చేసెను. మూడవనాటికి మా ఫైళ్లలో ఒక్కటియు తెఱచుకొనలేదు. మరమ్మతు చేయు అబ్బాయి వచ్చి చూచి, అంతయు తుడిచివేసినగాని యంత్రము బాగుపడదనెను. టిప్పణములలో ముందే కాగితముపై అచ్చుతీసి యుంచుకొన్న భాగము తప్ప తక్కినదంతయు పోయినది. నాయనగారి వ్రాతప్రతి పెట్టెలో భద్రముగా నున్నది, మరల ఎక్కించుకొనవచ్చును. అయినను ఆ రాత్రులు మరల రావు.

మేము మందలింపగా వాడు ఏడ్చెను. ఏడ్చి, కన్నులు తుడుచుకొని, “అమ్మా, తప్పు నాదే. కాని డబ్బిచ్చి కొన్నవారికి మాత్రము సుఖమున్నదా? వారి ఆటయే ఆగి ఆగి నడచుచున్నదట; దొంగప్రతి చక్కగా నడచుచున్నదట. మఱి ఆ తాళము ఎవరి కొఱకు?” అని అడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. పిల్లవాని ప్రశ్న గదాయని త్రోసివేయుటకు మనస్సొప్పలేదు. మావారి సాయముతో కొన్నిదినములు ఈ విషయమునే చదివితిమి.

ఆటలకు తాళము వేయుట క్రొత్త గాదు. 1985 ప్రాంతమున ఇంగ్లండులో ‘లెన్స్‌లాక్’ అను చిన్న ప్లాస్టిక్ అద్దపుముక్కను ఆటపెట్టెలో పెట్టి అమ్మిరి. తెఱపై అక్షరములు చెదరి కనబడును. వానిని ఆ ముక్కగుండ చూచి చదివి, మరల టైపు చేసినగాని ఆట మొదలు కాదు. ‘ఎలైట్’ అను ప్రసిద్ధమైన ఆట పెట్టెలు కొన్నింటిలో పొరపాటున వేఱొక ఆటకు చెందిన ముక్క పడినది. వెలయిచ్చి కొన్నవారు ఆ ముక్కను ఎన్నివిధముల త్రిప్పినను అక్షరములు కుదురుకొనలేదు.

1990లో ఓడదొంగల కథగల ‘మంకీ ఐలండ్’ అను ఆటతో రెండు కాగితపు చక్రములను ఇచ్చిరి. ఒకదానిపై ఒకటి త్రిప్పి, తెఱపై చూపిన ఓడదొంగ ముఖము ఏర్పడునట్లు చేసి, అక్కడ కనబడు సంవత్సరమును ఆటకు చెప్పవలయును. ఓడదొంగల ఆటకు ఓడదొంగలే కాపలా! కాని కాగితపు చక్రమునకు నకలు తీయుట జిరాక్సు యంత్రమునకు ఎంతపని?

తరువాత సీడీలు వచ్చినవి. 1990ల చివరినుండి ‘సేఫ్‌డిస్క్’ వంటి తాళములు వ్యాపించినవి. సీడీపై బుద్ధిపూర్వకముగా కొన్ని లోపములను ఉంచుట దీని కిటుకు. మామూలుగా నకలు తీసినపుడు ఆ లోపములు నకలులోనికి సరిగా రావు. లోపములు లేని ప్రతి దొంగప్రతియని ఆట గుర్తించును. అయితే ఈ తాళము కంప్యూటరు లోపలి పొరలలోనికి చొచ్చుకొని పనిచేయునది. భద్రతకు ముప్పని 2015లో వచ్చిన విండోస్ 10 దానిని అనుమతింపలేదు. ఆ తాళము వేసియున్న పాత సీడీలు ఎన్నో, కొన్నవారి యింటనే మూగవోయినవి.

ఇంటర్నెట్టు వచ్చినమీదట తాళము ఇంకను బిగిసినది. 2008లో వెలువడిన ‘స్పోర్’ అను ఆటను మూడుసార్లకు మించి ఎక్కించుకొనుటకు మొదట వీలులేకుండెను. కొన్నవారు కోపింపగా ఆ సంఖ్యను పెంచిరి. ఇంత బిగించినను ఆ యేట అత్యధికముగా దొంగిలింపబడిన ఆటలలో అదియు ఒకటి. 2010లో ‘అసాసిన్స్ క్రీడ్ 2’ ఆడుచున్నంతసేపును ఇంటర్నెట్టు ఉండితీరవలెనని యూబీసాఫ్ట్ సంస్థ నియమము పెట్టినది. ఆ మార్చి నెలలో ఎవరో ఆ సంస్థ సర్వరులపై దాడి చేయగా, సొమ్ము చెల్లించి కొన్న అనేకులు ఆడలేకపోయిరి.

నేడు మిక్కిలి పేరొందిన తాళము ‘డెనువో’. ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గు పట్టణమువారు దీనిని కల్పించిరి. 2014లో ‘ఫిఫా 15’ అను బంతాటతో బయటికి వచ్చినది. దీని తీరు మన భాషలో చెప్పుకొందము. ఆవకాయ పాళ్లు వ్రాసిన కాగితములో ముఖ్యమైన వాక్యములను సంకేతములలో వ్రాసి, ఆ సంకేతములు ఒక్క మన వంటింటిలోనే విడివడునట్లు చేసితిమనుకొనుడు. కాగితమును ఎత్తుకొనిపోయినవానికి ఊరగాయ కుదురదు. అట్లే డెనువో ఆటలోని కొన్ని భాగములను చిక్కుపఱచి, కొన్నవారి కంప్యూటరుతో ముడివేయును. తొలియేండ్లలో దీనిని విప్పుటకు దొంగలకు నెలలు పట్టినది. కాని 2017 జనవరిలో ‘రెసిడెంట్ ఈవిల్ 7’ ఆట తాళము వారము తిరుగకుండనే విడిపోయినది. 2021లో అదే వరుసలోని ‘రెసిడెంట్ ఈవిల్ విలేజ్’ ఆటలో, కొన్నవారి ప్రతి పోరాటముల నడుమ తడబడుచుండగా, తాళము విఱిచిన ప్రతి సాఫీగా నడచినది. పిమ్మట క్యాప్‌కామ్ సంస్థ సవరణను విడుదల చేసినది. మా పిల్లవాని మాట అబద్ధము గాదని ఇచట తెలిసినది.

అట్లని తాళము వ్యర్థమనుటయు న్యాయము గాదు. అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం వోల్క్‌మన్ అను పరిశోధకుడు డెనువో వేసిన ఆటల రాబడిని లెక్కగట్టి 2024లో ప్రకటించెను. ఆట వెలువడిన తొలివారముననే తాళము విఱిగినచో రాబడిలో సగటున 20 శాతము నష్టమట. పండ్రెండు వారములు గడచిన పిమ్మట విఱిగినను, తాళమును వారే తీసివేసినను, నష్టము దాదాపు లేదట. అనగా తాళము మొదటి మూడునెలలు పాలుగాచు పిల్లివల వంటిది. పాలు తోడుకొని, వెన్న తీసిన పిదపను దానిని అట్లే యుంచినచో ఇంటివారి కాలికే తగులును.

తొలిదినముల విలువ మన తెలుగువారికి చలనచిత్రములవలన తెలిసినదే. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రములో పెద్దభాగము విడుదలకు మునుపే సీడీలకెక్కినది. దానిని బయటపెట్టినది ఏ తాళము విఱిచినవాడును గాడు. చిత్రము తయారగుచున్న చోట పనిచేసినవారి చేతులమీదుగానే పోయినదని పోలీసులు తేల్చిరి. అయినను ప్రజలు థియేటరులకు పోయి ఘనవిజయము చేకూర్చిరి. తాళముకంటె జనుల యిష్టమే ఆ చిత్రమును కాచినదనవచ్చును.

తాళమే వేయకుండ అమ్మినవారును ఉన్నారు. పోలండు దేశపు సీడీ ప్రొజెక్ట్ సంస్థవారు 2008లో ‘గాగ్’ అను అంగడిని తెఱచి, అచట ఆటలను తాళము లేకయే అమ్మిరి. వారి ‘విచర్ 3’ 2015లో అట్లే వెలువడినది. 2023 నాటికి అన్ని అంగళ్లలోను కలిపి అయిదుకోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. మంచి సరకును సులభముగా దొరకునట్లు చేసినచో పెక్కుమంది కొనియే తీసికొందురని దీనివలన తెలియుచున్నది.

ఇది చదువునపుడు మాకు మన పూర్వకవులు జ్ఞప్తికి వచ్చిరి. వారు కావ్యమునకు తాళము వేయలేదు, గుర్తు వేసిరి. ఆశ్వాసాంతమున గద్యములో తమ పేరు చెప్పుకొనిరి. శతకకర్తలు ప్రతిపద్యమునకును మకుటము కూర్చిరి. ఎవరైన చదువుకొనవచ్చును, వ్రాసికొనవచ్చును. కర్త పేరు మాత్రము వెంటనే నడచును. గుర్తుకును మోసము లేకపోలేదు. వేమన మకుటముతో పరులు అల్లిన పద్యములు ఎన్నో కలవు. అయినను ఆ గుర్తు చదువరిని ఏనాడును గుమ్మమున నిలుపలేదు.

చట్టము సంగతియు తల్లులు ఎఱిగియుండవలయును. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమునకు 2012లో చేర్చిన 65ఎ విభాగము ప్రకారము, హక్కులను భంగపఱచు ఉద్దేశముతో ఇట్టి తాళమును విఱుచుట నేరము. రెండేండ్లవఱకు ఖైదు, జరిమానా. 63బి విభాగము ప్రకారము, దొంగప్రతియని యెఱిగి కంప్యూటరు ప్రోగ్రామును వాడుటయు శిక్షార్హమే. వ్యాపారలాభమునకు గానిచో ఖైదు లేకుండ ఏబదివేల రూపాయలవఱకు జరిమానాతో సరిపెట్టు అధికారము న్యాయస్థానమునకు కలదు.

కాబట్టి మా కుమారునకు ఇట్లు చెప్పితిమి: “నాయనా, తాళము కొన్నవారిని బాధించుట నిజమే. అది అమ్మినవారి దోషము; వారిని అడుగవచ్చును, ఆ యాటను కొనకుండవచ్చును. కాని వారి దోషము మన చేతికి దొంగతాళపుచెవి కాదు. దొంగప్రతిలో ఏమున్నదో తెఱచిచూచినవారెవ్వరు? మన కాపలాను మనచేతనే తీయించినవాడు స్నేహితుడెట్లగును?”

ఆ తరువాత ఇంట మూడు నియమములు పెట్టుకొంటిమి. ఆట కొనుటకు ముందు దానికి ఇంటర్నెట్టు ఎల్లప్పుడు కావలయునా, ఎన్ని యంత్రములపై నడచును అని విచారించుట. క్రొత్తగా వెలువడిన దినమునే కొనక వేచియుండుట. ఏడాది రెండేండ్లలో, పండుగ తగ్గింపులలో, పెక్కు ఆటలు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. ముఖ్యమైన వ్రాతలను కంప్యూటరుతో సంబంధము లేని వేఱొకచోట గూడ నకలు తీసి దాచుట. ఈ మూడవది ముందే చేసియుండవలసినది. అందులో దోషము మాదే.

ఇప్పుడు మా కుమారుడు తన గంటలో సగము మాకు ఇచ్చుచున్నాడు. వాడు తాతగారి వ్రాతప్రతిని గట్టిగా చదువును, మేము ఎక్కించుదుము. తొలిదినములలో గొలుసుకట్టు అక్షరములు వానికి కొఱుకుడుపడలేదు. ఇప్పుడు మాకంటె వేగముగా చదువుచున్నాడు. నిన్నటితో కీచకవధ ముగిసినది. ఆ యాట కొఱకు దాచుకొనుచున్న హుండీలో నాలుగువందల రూపాయలు చేరినవి.